మా మామ కుట్టిన కళ్లేలు

మా మామ పోయిండు. దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నా రెండు చేతులల్ల రెండు సూదులున్నయి, మోకాళ్ల నడుమ తోలు పట్టీ ఉన్నది. ఫోన్ గూట్ల మోగుతనే ఉన్నది. కుట్టు సగంల ఇడిస్తే దారం వదులైతది. రెండు దిక్కుల గుంజి, బిగువు చూసుకుని అప్పుడు లేచిన. "బాపు పోయిండే" అన్నడు మా ఆయన. నేను "ఆఁ" అన్న. ఆ తర్వాత పనికి కూసోలేకపోయిన, ఊకె నిలబడలేకపోయిన. ఇంట్ల నుంచి గల్లీలకు, గల్లీల నుంచి ఇంట్లకు తిరుగుతనే ఉన్న. ఎదురింటామె వచ్చి చెయ్యి పట్టుకుని కూసోబెట్టినంక చూస్తే సూది ఇంకా నా వేళ్లల్లనే ఉన్నది.

ఇది రాసుడు కూడ గట్లనే అయితున్నది. నాలుగు మాటలు రాస్త, లేస్త, దుకాణంల ఏదో పట్టీ సర్దుత, మళ్ల వచ్చి కూసుంట. చదివేటోళ్లు ఏమనుకోకుండ్రి. ఆయన గురించి నిమ్మళంగ రాసుడు నాకు చేతనైతలేదు.

శాలిబండల మా ఇంటికి రోడ్డు దిక్కున్న అర్రనే దుకాణం. ఆడ మా మామ, ఆయన కంటె ముందు ఆయన నాయిన, గుర్రాల సామాను చేతితోని కుట్టిన్రు. కళ్లేలు, పగ్గాలు, జీన్లు, జీను జారకుంట గుర్రం కడుపు కిందికెళ్లి బిగించే పట్టీలు. మొదట గుర్రపు బండ్ల టాంగాలోళ్లకు కుట్టిన్రు. టాంగాలు బందయినంక పెండ్లి బరాత్ గుర్రాలోళ్లకు కుట్టిన్రు. ఈ మధ్య ఊరి బయట గుర్రపు స్వారీ నేర్పేటోళ్లు కొందరు కార్లల్ల వచ్చి అడిగిపోతున్నరు. బజార్ల నైలాన్ పట్టీలు మస్తు దొరుకుతయి, రంగు రంగులవి. అయినా ఈ దిక్కు గుర్రాలోళ్లు చానమంది మా గడపకే వచ్చేటోళ్లు.

మా మామ కుదురుగ కూసున్న మనిషి కాదు. కుట్టేటప్పుడు తప్ప ఆయన నేల మీద కూసునుడు నేను చూడలే. చాయ్ సాసర్ల పోసుకుని నిలబడే తాగేటోడు. అన్నం తింటు తింటు లేచి, ఎడమ చేత్తోని తలుపు తీసి, దుకాణంల నానబెట్టిన తోలును ఒకసారి చూసొచ్చి మళ్ల తినేటోడు. చేతికి పట్టీ ఏది దొరికినా గుంజి చూడవలసిందే. పొద్దుగాల బడికి పోయే పిల్లలు మా గడప కాడ ఆగి వీపు తిప్పేటోళ్లు. వాళ్ల బ్యాగు పట్టీలు గుంజి "ఇగ పో" అంటెనే కదిలేటోళ్లు. షేర్ ఆటోల పర్దా కట్టిన బెల్టును గుంజుతుంటే డ్రైవర్ అద్దంల చూసి "చచ్చా, తోడ్ దేతే క్యా, తెంపేస్తవా ఏంది" అని నవ్వేటోడు. చర్చిల గిటార్ వాయించే అతని మెడల పట్టీ ఒకటి పాతగైంది. పాట నడిచినంతసేపు మా మామ కండ్లు దాని మీదనే. ఒక ఆదివారం ఆ పట్టీని అడిగి ఇంటికే తెచ్చిండు. "దేవుని పాట మధ్యల గిటార్ కింద పడితె బాగుంటదా" అన్నడు.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల తోలు వాసనకు అన్నం గొంతుల దిగకపోయేది. మా అమ్మోళ్లింట్ల మేం మిషిన్ మీద జాకెట్లు కుట్టేటోళ్లం. నాకు తెల్సిన వాసన కొత్త బట్టదే. అత్త అప్పటికే లేదు, ఎవ్వరికి చెప్పుకుంట. చెప్పలే. ఒకనాడు లేచి చూస్తే తోలు నానబెట్టే తొట్టి వంటింటి పక్కన లేదు. దాన్ని రోడ్డు దిక్కు అరుగు కాడికి జరిపిండు. ఆడ నల్లా లేదు, బిందెలతోని నీళ్లు మోసుకోవాలె. మోసుకునేటోడు. "ఎందుకు మామా ఇంత తిప్పలు" అని అడిగితే "ఆడ గాలి మంచిగ తగులుతది బిడ్డా" అన్నడు. ఆయన నాతోని ఆ ముచ్చట మళ్ల ఎన్నడూ తియ్యలే. చాన ఏండ్ల తర్వాత తొట్టి మళ్ల లోపలికి తెచ్చింది నేనే. అప్పటికి ఆ వాసన నా చేతులదే అయింది.

అది ఎట్లయిందో చెప్పాలంటె తెల్ల గుర్రం సంగతి చెప్పాలె.

పెండ్లిళ్ల రోజులు. ఒకనాడు తెల్లారంగనే పురానాపూల్ గుర్రాల భాయ్ మా గడపల నిలబడ్డడు. పురానాపూల్ కాడ ఆయనకు గుర్రాలు కట్టేసే తబేలా ఉన్నది, బరాత్‌లకు గుర్రాలు పంపుతడు. మా మామను ఉస్తాద్ అంటడు. చేతిల తువాల, తువాలల చుట్టిన కళ్లెం.

"ఉస్తాద్, ఇది జర కుట్టి ఉంచు" అన్నడు. "నిన్న సాయంత్రం బరాత్‌ల మా తెల్లది ఎగిరింది. దుల్హా కింద పడ్డడు, భుజం బొక్క విరిగింది. పగ్గం ఒక దిక్కు ఊడిపోయింది."

"పిలగాడు ఎట్లున్నడు?"

"పట్టీ కట్టిన్రు. అట్లనే పీటల మీద కూసుండి తాళి కట్టిండట."

"గుర్రం?"

"మోకాలు గీసుకపోయింది, అంతే. కాని అందరు దాన్ని పాగల్ గుర్రం, పిచ్చిది అంటున్నరు. ఇగ బరాత్‌కు దాన్ని ఎవరు అడుగుతరు ఉస్తాద్? ఇటుక బట్టీలోళ్లు బండికి అడుగుతున్నరు. ఇచ్చేస్త." కళ్లెం మా మామ చేతిల పెట్టిండు. "ఈ కళ్లెం మాత్రం వేరే దానికి పనికొస్తది. నీ చేతి పని గదా, పారెయ్యబుద్ధి కాలే."

భాయ్ పోయినంక మా మామ కళ్లెం పట్టుకుని గడపల ఎలుగుకు పోయిండు. మీకు కళ్లెం ఎట్లుంటదో తెల్సే ఉంటది. తలకు తొడిగే పట్టీలు, నోట్ల ఉండే ఇనుప కడ్డీ, కడ్డీకి రెండు దిక్కుల రెండు రింగులు. పగ్గం ఆ రింగులకెళ్లి దూరి, ఎనుకకు మలిగి, తన మీద తానే కుట్టుకుంటది. బెత్తెడంత జాగ. మా మామ పానమంత ఎప్పుడూ ఆ బెత్తెడు జాగలనే ఉండేది. "గుర్రం నోటితోని మనం దూరం నుంచి మాట్లాడుతం బిడ్డా. ఆ మాట పోయే తొవ్వ ఇదొక్కటే" అనేటోడు.

నేను చాయ్ తెచ్చిన. ఆయన చూస్తలేడు. ఎడమ చేతి బొటనవేలు కొసను ఆరెతోని, అంటే తోలుకు రంధ్రాలు చేసే మొనతోని, నిమ్మళంగ పొడుసుకుంటున్నడు. ఒకసారి, ఇంకోసారి. రక్తం చుక్క పెద్దగై కళ్లెం మీద పడ్డది.

"మామా, రక్తం."

ఆయన ఆ వేలు దిక్కు వేరేటోళ్ల వేలును చూసినట్టు చూసిండు.

"తెలుస్తలేదు బిడ్డా" అన్నడు. "ఎప్పుడో బందయింది. షుగర్ తోనట. నేను ఎవ్వరికి చెప్పలే. చెప్తే పని ఇడువుమంటరు."

ఊడిన కుట్టు నాకు చూపెట్టిండు. గుర్రం బెదిరి ఉరికితే, ఆ బలానికి తోలు సాగుతది, రంధ్రాలు చీలుతయి. ఇక్కడ తోలు చెక్కుచెదరలే, రంధ్రాలు గుండ్రంగ అట్లనే ఉన్నయి. దారం ఒక్కటే అరిగి తెగింది. వదులుగ ఉన్న కుట్టు రోజు రోజుకు కదిలి కదిలి అరుగుతది. కుట్టు బిగిసిందో లేదో చెప్పేది బొటనవేలే. ఆ వేలికి సోయి లేదు.

"కుట్టు ముందు పోయింది" అన్నడు. "పట్టుకున్నోని చేతిలకు పగ్గం ఊడొచ్చింది. చుట్టు పటాకలు, బ్యాండు. తనను పట్టుకున్నోళ్లు ఎవ్వరూ లేరని దానికి తెల్సింది. భయపడ్డది. భయపడకుంట ఏం చేస్తది?"

మా ఆయన కరెంటు ఆఫీసుల పని చేస్తడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు మా మామ ఆయనకు కూడ చెప్పిండు. "బాపు, పటాకలకు బెదిరిందనే అందరు అనుకుంటున్నరు. భాయ్ కూడ నిన్నేం అంటలేడు. ఎందుకు కెలుకుడు? చిన్నగ పని ఇడువు, అయిపాయె" అన్నడు. మా ఆయన చెడ్డోడు కాదు. తండ్రి పేరు పోతదని ఆయన ఫికర్.

మా మామ దుకాణంల ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుడు మొదలుపెట్టిండు. అన్నం తినలే. మాపటికి కూడ తిరుగుతనే ఉన్నడు. నేను వంటింట్ల కూసుండి ఆయన చెప్పుల చప్పుడే విన్న. మరునాడు పొద్దుగాల స్నానం చేసి, చర్చికి ఏసుకునే తెల్ల అంగీ ఏసుకుని, కళ్లెం మళ్ల అదే తువాలల చుట్టి నా ముందట నిలబడ్డడు.

"నువ్వు నాతోని రా బిడ్డా."

"నేనెందుకు మామా? మీ కొడుకు..."

"వాడు నన్ను మాట్లాడనియ్యడు. నువ్వైతే ఊకుంటవ్."

మొదలు పురానాపూల్ పోయినం. తబేలాల తెల్లది మూలకు కట్టేసి ఉన్నది, మోకాలికి పసుపు పట్టీ. మా మామ భాయ్‌కి అంత చెప్పిండు, బొటనవేలు సంగతి కూడ. భాయ్ మొఖం ఎర్రగైంది.

"ఉస్తాద్" అన్నడు, "ప్రతి బరాత్ ముందు నేను అన్ని పట్టీలు గుంజి చూస్త. నువ్వు కుట్టినవి ఒక్కటి కూడ ఎన్నడు గుంజలే. నీ పని అని గుంజలే."

మా మామ తల దించుకున్నడు. ఆ మాట ఆయనకు జన్మల మానలేదని నాకు తెల్సు. తర్వాత ఎన్నోసార్లు కుట్టుకుంట కుట్టుకుంట ఉత్తగనే ఆగి, "గుంజలేదన్నడు" అని తనల తానే అనుకునేటోడు.

"నాకు చెప్పి ఏం లాభం ఇప్పుడు?" అన్నడు భాయ్. "దుల్హా ఇంటోళ్లు ఊరంత చెప్తున్నరు పాగల్ గుర్రం అని."

"వాళ్లకు కూడ చెప్త. ఇల్లు చూపెట్టు."

పత్తర్‌గట్టి ఎనుక గల్లీల వాళ్ల ఇల్లు. బట్టల దుకాణం ఉన్నోళ్లు. గుమ్మానికి మామిడాకుల తోరణం ఇంకా వాడలే. పెండ్లి సుట్టాలు లోపలి అర్రలల్ల ఉన్నరు. పెండ్లికొడుకు దివాన్ మీద కూసున్నడు, చెయ్యి మెడకు కట్టి ఉన్నది. ఆయన తల్లిదండ్రులు మాకు కుర్చీలేసిన్రు. భాయ్‌ని చూసి మాఫీ అడగొచ్చిండనుకున్నట్టున్నరు. మా మామ కూసోలే. తువాల ఇప్పి కళ్లెం టేబుల్ మీద పెట్టిండు.

"అయ్యా, ఇది కుట్టింది నేను" అన్నడు. "ఈ కుట్టు వదులైంది. పగ్గం ఊడింది, అందుకే గుర్రం ఉరికింది. అది పాగల్ గుర్రం కాదు. తప్పు నా చేతిది."

పెండ్లికొడుకు తండ్రి లేచి నిలబడ్డడు. చాన మాటలన్నడు. ముసలోనివైతివి, చేతులు పనిచెయ్యకుంటే ఇంట్ల పండక మా పిల్లల పానాల మీదికి తెస్తవా అన్నడు. కేసు పెడ్త అన్నడు. మా మామ "పెట్టుండ్రి" అన్నడు. నేను ఆయన పక్కన నిలబడి ఆయన అంగీ చేతిని పట్టుకున్న, పిల్లలు పట్టుకున్నట్టు.

పెండ్లికొడుకు తల్లి మాత్రం అరువలే. ఆమె కళ్లేన్ని చేతిలకు తీసుకుని ఆ తెగిన దారాన్ని చూసింది. చూసి, "ముందు పట్టీ ఊడిందా? గుర్రం తర్వాత ఉరికిందా?" అని అడిగింది.

"అవునమ్మా."

ఆమె లోపలి తలుపు దిక్కు చూసింది. ఆడ కొత్త కోడలు నిలబడి ఉన్నది, పారాణి కాళ్లు, మెడల పసుపుతాడు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కండ్లు ఉబ్బినయి. అప్పటిదాక మాకు తెల్వదు. గుర్రం పెండ్లికొడుకును పడేసుడు మంచిది కాదని, పిల్ల అడుగు మంచిది కాదని ఆ ఇంట్ల మాటలు మొదలైనయట. మా మామ పోయింది గుర్రం కోసమే. ఆ పిల్ల ఒకతి ఉన్నదని కూడ ఆయన అనుకోలే.

పెండ్లికొడుకు దివాన్ మీద నుంచే, "అమ్మా, విన్నవా" అన్నడు.

ఆ పిల్ల లోపలికి పోయి చెంబుల నీళ్లు తెచ్చింది. ఆ పిల్ల మామ ఇంకా కోపంతోని నిలబడే ఉన్నడు, అయినా తెచ్చింది. మొదలు మా మామకే ఇచ్చింది. ఆయన తాగుతుంటే చిన్న గొంతుతోని, "తాతా, ఇంకొక్కసారి చెప్తరా? లోపల మా పెద్దత్తమ్మ ఉన్నది. ఆమెకు ఇనపడలే" అన్నది.

మా మామ చెంబు కింద పెట్టిండు. లోపలి తలుపు దిక్కు తిరిగి, చర్చిల సాక్ష్యం చెప్పేటోళ్ల లెక్క గొంతు పెంచి, "తప్పు నా కుట్టుది. గుర్రానిది కాదు. ఇంకెవ్వరిదీ కాదు" అన్నడు. లోపల గాజుల చప్పుడు, గిన్నెల చప్పుడు అన్ని ఆగినయి.

బయటికొచ్చినంక భాయ్ మమ్ములను తన బండిల పురానాపూల్ దాక తెచ్చిండు. వంతెన కాడ బండి ఆపి, "తెల్లదాన్ని అమ్మను" అన్నడు. మా మామ తల ఊపిండు. ఆ తల ఊపుడుల ఎంత బరువు దిగిందో నాకు కనపడ్డది. కాని మొత్తం దిగలే. ఆటో ఎక్కంగనే, "ఇంకా ఉన్నయి బిడ్డా" అన్నడు.

వేలికి సోయి పోయినంక ఆయన కుట్టినవి ఇంకా ఎన్నో గుర్రాల తలల మీద ఉన్నయి. ఏది ఎవ్వరికిచ్చిండో ఆయనకు యాదిలున్నకాడికి పోయినం. ఆ ఎండకాలమంత మా ఇద్దరికి అదే పని. పురానాపూల్ దిక్కు, మూసీ గడ్డ పొంటి, ఊరి చివర స్వారీ నేర్పే జాగలు. తబేలాల గోడలకు వేలాడేసిన సామాన్ల ఆయన తన చేతి పనిని దూరం నుంచే గుర్తుపట్టేటోడు. దించి నా చేతికిచ్చేటోడు. "నీ వేలితోని అదుము. దారం కింద గోరు దూరుతున్నదా?" దూరితే అది సంచిలకు పోయేది. దూరకుంటే కూడ మళ్ల ఒకసారి అదుముమనేటోడు. కొందరు మర్యాద చేసిన్రు. కొందరు అప్పటికే మా మామ పనిని ఇప్పి పారేసి నైలాన్ తొడిగిన్రు. గుర్రం చెవుల ఎనుక ఆ నైలాన్ ఒరుసుకుంటున్నదా అని ఒకసారి ఏలు పెట్టి చూసి వచ్చేటోడు.

సంచి నిండింది. కుట్టేదెవరు?

"నీ చెయ్యి సూదిని ఎరుగుతది" అన్నడు నాతోని. "తోలును నేను ఎరుక చేస్త."

మా ఆయనకు నచ్చలే. తబేలాలు తిరిగితే తిరిగినవ్, గడపల కూసుండి తోలు కుట్టుడేంది, గల్లీ అంత చూస్తది అన్నడు. నాకు కూడ మనసుల అదే ఉండె. కాని సంచి అట్లనే మూలకు ఉన్నది, దాన్ని చూస్తూ మా మామ తిరుగుతున్నడు. ఆ తిరుగుడు ఆగాలంటె నేను కూసోవాలె. కూసున్న.

జాకెట్ కుట్టుడు వేరు, ఇది వేరు. ఒకటే దారానికి రెండు కొసల రెండు సూదులు. ఆరెతోని చేసిన ఒక్క రంధ్రంలకెళ్లి రెండు సూదులు ఎదురెదురుగ పోవాలె. పోయినంక రెండు చేతులు ఇట్ల చాపి గుంజాలె. మా మామ నా ఎదురుంగ పీట ఏసుకుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకునేటోడు. "ఇంకొంచెం. ఇంకొంచెం గుంజు. దారాన్ని తోలు మింగాలె." మింగకుంటే ఇప్పమనేటోడు. నా చిటికెన వేళ్లు దారం కోసి పుండ్లయినయి. ఆయన మైనం ముద్ద వేడి చేసి వాటి మీద రుద్దేటోడు. ఒకనాడు కోపమొచ్చి, "మంచిగనే ఉన్నది గదా మామా, కండ్లకు కనపడుతలేదా" అన్న. ఆయన ఆ పట్టీని తలుపు కొక్కేనికి తగిలించి, రెండు కాళ్లు లేపి దానికి వేలాడిండు. అంత పెద్ద మనిషి. పట్టీ ఊగింది, కుట్టు కదులలే. దిగి, "కండ్లకు కనపడినా నాకు నిమ్మళం కాదు బిడ్డా. ఏం చెయ్యను" అన్నడు. ఇద్దరం నవ్వినం. తెల్ల గుర్రం ఎగిరిన తర్వాత మా ఇంట్ల నవ్వుడు అదే మొదలు.

తెల్లది మళ్ల బరాత్‌కు పోయిన సాయంత్రం నాకు బాగ యాదున్నది. దాని తలకు నేను కుట్టిన కళ్లెం. పెండ్లికొడుకు తరఫోళ్లు గుర్రం మంచిదేనా అని భాయ్‌ని మళ్ల మళ్ల అడిగిన్రు. మా మామ తెల్ల అంగీతోని దాని దవడ పక్కన నిలబడి, "నేను పట్టుకుంట" అన్నడు. శాలిబండ రోడ్డు మీద మర్ఫా డప్పుల నడుమ, పటాకల పొగల నడుమ, కుడి చేత్తోని పగ్గం పట్టుకుని పెండ్లింటిదాక నడిచిండు. కుడి చేతికి ఇంకా సోయి ఉండె. పోరగాళ్లు ఆడుతున్నరు, ఆయన ఎవ్వరి దిక్కు చూస్తలేడు. గుర్రం చెవుల దిక్కే చూసుకుంట, పెదవులు కదుపుకుంట నడుస్తున్నడు. ప్రార్థన చేస్తున్నడో, దానితోని మాట్లాడుతున్నడో నేను అడగలే. రోడ్డు పక్కన జనంల మా ఆయన కూడ ఉన్నడు, డ్యూటీ నుంచి నేరుగ వచ్చిండు. చెమటలు తుడుసుకుంట తండ్రి వెంబడి ఆఖరుదాక నడిచిండు. ఆ తర్వాత నేను గడపల కూసుంటే ఆయన ఏమనలే.

ఆ తర్వాత కొన్నేండ్లు పని నాది, గుంజి చూసుడు ఆయనది. కొత్తగ వచ్చినోళ్లు "మేస్త్రి ఎవరు" అంటే నన్ను చూపెట్టేటోడు. వాళ్లు నవ్వితే ఆయనకు నచ్చకపోయేది. ఇంట్లకు పోయి కూసునేటోడు కాదు, వాళ్ల ముందట్నే నేను కుట్టిన పట్టీని కొక్కేనికి తగిలించి గుంజుమనేటోడు.

ఒక కళ్లెం మాత్రం దొరకలే. అది తొడిగిన గుర్రాన్ని ఎవరో జహీరాబాద్ దిక్కు అమ్ముకున్నరు. మా మామ ఒక్కడే బస్సెక్కి పోయిండు, అడిగి అడిగి వచ్చిండు. అక్కడి నుంచి కూడ అది చేతులు మారిందట. ఎటు పోయిందో ఎవ్వరికి తెల్వదు. "ఆ ఎర్ర గుర్రం" అనేటోడు అన్నం కాడ, చర్చి నుంచి వచ్చుకుంట, ఎప్పుడంటె అప్పుడు. కాలికి పుండయి దవాఖానల పండుకున్నప్పుడు కూడ అదే. నర్సు సెలైన్ బాటిల్ మారుస్తుంటే ఆమె చేతి గడియారం బెల్టు గుంజిండట. ఆమె నవ్విందట. నేను పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఆ దిక్కు నుంచి ఎవరైన వస్తే అడుగు బిడ్డా. కుట్టు చూడుమను. ఉత్తగ చూసి ఇడువొద్దు, గుంజి చూడుమను" అన్నడు. అడుగుత అన్న. మాటిచ్చిన.

మట్టి చేసేకాడ పాస్టర్ గారు ఆయన నిమ్మళంగ, ప్రభువు ఒడిలకు పోయిండని చెప్పిండు. అందరు ఆమేన్ అన్నరు, నేను కూడ అన్న. కాని ఆయన నిమ్మళంగ పోలే. ఎక్కడనో ఒక గుర్రం నోటి కాడ తన వదులు కుట్టు ఉన్నదని ఫికర్ పెట్టుకునే పోయిండు. ఇది చెప్తే ఆయనను తక్కువ చేసినట్టని మా సుట్టాలు అంటున్నరు. నాకు అట్ల అనిపిస్తలేదు. ఆ ఫికర్ లేకుంటే ఆయన ఆనాడు ఆ ఇంటికి పోకపోయేటోడు, ఆ పిల్ల ఆ తలుపు కాడనే నిలబడిపోయేది, నా చేతికి ఈ పని రాకపోయేది. ఆ ఫికర్‌ను నేను ఇప్పుడు పొద్దు పొద్దుకు మోస్తున్న. మోసుడు కష్టంగనే ఉన్నది. జహీరాబాద్ బస్సులు కనపడితె నా పానం అటే గుంజుతది.

మొన్న పొద్దుగాల గుర్రాల భాయ్ వచ్చిండు. వెంట ఒక గుర్రప్పిల్ల. ఎక్కడినుంచో కొత్తగ తెచ్చుకున్న నల్లది. మెడకు ఉత్త తాడే ఉన్నది, దాని మొఖానికి ఇంకా ఎవ్వరు ఏది తొడగలే. "బహెన్, ఉస్తాద్ పోయినంక ఇంత తొందరగ నేను అడుగొద్దు, కాని దీనికి కళ్లెం కావాలె" అన్నడు. "పర్వాలే భాయ్, కొలత తీసుకుంట" అన్న. నూలు దారం తీసుకుని రోడ్డు మీదికి దిగిన. నోటి మూల కాడ ఒక కొస పట్టుకుని, దవడ మీదికెళ్లి చెవుల ఎనుకదాక తెచ్చిన. అది తల ఇదిలించింది, దారం జారింది. మళ్ల పట్టుకున్న. పక్కకెళ్లి బస్సు పోయింది, అది రెండు అడుగులు ఎనుకకేసింది, నేను కూడ దానితోని ఏసిన. భాయ్ తాడు పట్టుకుని "షు, షు" అంటున్నడు. దాని ఊపిరి వేడిగ నా మణికట్టుకు తగులుతున్నది. చెవులు ఒకటి ఇటు, ఒకటి అటు. నేను దారం మళ్ల మొదటికెళ్లి మొదలుపెట్టిన, అది కాలు మార్చి కాలు ఏసుకుంట రోడ్డు దిక్కే చూస్తున్నది.